ఒమన్ రాయిని చదివిన వెలుగు

మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే దారికి ఇరువైపులా పచ్చదనం ఎరగని ముదురు గోధుమరంగు కొండలు బారులు తీరి ఉంటాయి. సమాయిల్ పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచుకునే ఈ శిలలు నిజానికి భూమి పైపొర అడుగున, మాంటిల్‌లో ఉండవలసినవి. దాదాపు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగుభాగం పెళ్లగిలి అరేబియా అంచు మీదికి ఎక్కడంతో, సుమారు 500 కిలోమీటర్ల పొడవున మాంటిల్ రాయి ఇక్కడ ఎండకు బయటపడింది. వాన నీరు తగిలితే ఈ రాయి మారిపోతుంది. అందులోని ఇనుము ఆక్సీకరణం చెందుతూ నీటి నుంచి హైడ్రోజన్‌ను విడిపిస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని తెల్లటి చారలుగా గట్టిపడుతుంది. ఈ రెండో గుణం మీద పీటర్ కెలెమెన్, యుర్గ్ మాటర్ 2008లో రాసిన వ్యాసం తర్వాత ప్రపంచం కళ్లు ఒమన్ మీద పడ్డాయి. 2016 నుంచి 2018 వరకు సాగిన ఒమన్ డ్రిల్లింగ్ ప్రాజెక్టులో మొత్తం మూడు కిలోమీటర్లకు పైగా పొడవున రాతి కడ్డీలను భూమిలోంచి తోడి తీశారు. వాటిని జపాన్ పరిశోధన నౌక చిక్యూ మీద పరీక్షించారు. ఆ రాయిలో ఇనుము ఎక్కడ ఎంత మారిందో, కంటికి ఆనని రేణువు రేణువునా చదవడానికి కొలరాడో విశ్వవిద్యాలయ బృందం సింక్రోట్రాన్ అనే ఎలక్ట్రాన్ రింగు పుట్టించే ఎక్స్-కిరణాలను ఆశ్రయించింది.

ఇలా ఒమన్ రాయి వెలుగు ఉన్న చోటుకు ప్రయాణం కట్టింది. ఆ వెలుగు ఎలా అంత సన్నబడిందన్నది ఈ వ్యాసం పట్టించుకునే చరిత్ర. కొన్ని మైక్రోమీటర్ల చుక్క మీదికి ఎక్స్-కిరణాలను గురిపెట్టాలంటే వాటిని పుట్టించే ఎలక్ట్రాన్ పుంజం ముందు సన్నగా ఉండాలి. సింక్రోట్రాన్ల కథను ఎక్కువగా భారీ భవనాల కథగా, డబ్బు కథగా చెబుతుంటారు. ఇంత చుట్టుకొలత, ఇన్ని కోట్లు, ఇన్ని దేశాలు అంటారు. నా వాదన వేరు. పుంజాన్ని నిలువునా సన్నబరిచింది ప్రధానంగా ఇనుమూ కాదు, రాగీ కాదు. తప్పును కొలిచి, వెతికి, సరిదిద్దే ఒక పనితనం దాన్ని సాధించింది. ఆ పనితనానికి ఆ రంగంలో ఉన్న పేరు కప్లింగ్ నియంత్రణ. ఒమన్ వంటి దేశం ఈ వెలుగుతో ఏం చేసుకోవాలన్న ప్రశ్నకు కూడా జవాబు అక్కడి నుంచే వెతకాలి.

1947 ఏప్రిల్ 24న అమెరికాలో, షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, 70 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యంత్రంలో తిరుగుతున్న ఎలక్ట్రాన్ల నుంచి వెలువడిన కాంతి మొదటిసారి కంటికి కనిపించింది. చాలా ఏళ్లు దాన్ని దండగమారి నష్టంగానే చూశారు. అణుశాస్త్ర యంత్రాలకు అది శక్తిని హరించే బెడద. 1968లో విస్కాన్సిన్‌లోని టాంటలస్ రింగు ఈ కాంతి కోసమే పనిచేయడం మొదలుపెట్టింది. 1981లో ఇంగ్లండులోని డేర్స్‌బరీలో ఎక్స్-కిరణాల కోసమే కట్టిన యంత్రం వచ్చింది. 1990లలో గ్రెనోబుల్‌లో ఒకటి, షికాగో దగ్గర ఒకటి, జపాన్‌లో ఒకటి పెద్ద రింగులు లేచాయి. మన ఇండోర్‌లో ఇండస్-1 అదే దశాబ్దం చివర వెలిగింది, ఇండస్-2 లో 2005లో పుంజం నిలిచింది. ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. అంతగా దొరకనిది వీటన్నిటి లోపల నడిచిన మరో చరిత్ర.

రింగులో తిరిగే ఎలక్ట్రాన్ గీత గీసినట్టు పోదు. తన దారికి అటూ ఇటూ, పైకీ కిందికీ ఊగుతూ పోతుంది. వంపు తిరిగిన ప్రతిచోటా కాంతిని విడిచేటప్పుడు పక్కకు ఊగే ఊపు కొత్తగా రగులుతుంది. అందుకే పుంజం అడ్డంగా వెడల్పవుతుంది. వంపులన్నీ ఒకే చదునులో ఉంటాయి కనుక నిలువు ఊపును రగిల్చేది దాదాపు ఏమీ లేదు. అంటే యంత్రం కాగితం మీద ఉన్నట్టే ఉంటే పుంజం రిబ్బనుకన్నా పలచగా ఉండాలి. కానీ అడ్డం ఊపులో కొంత నిలువులోకి కారిపోతుంది. ఒమన్‌లో బిర్కత్ అల్-మవుజ్ దగ్గర ఫలజ్ అల్-ఖత్మీన్ అనే సంప్రదాయ నీటిపారుదల కాలువ నీటిని మూడు సమాన కాలువలుగా చీల్చి పారిస్తారు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన అయిదు ఫలజ్‌లలో అదొకటి. పంచే చోట అడుగురాయి ఏ కాస్త వాలినా ఒక కాలువ వాటా ఇంకో కాలువకు పోతుంది. రింగులోనూ జరిగేది అదే. ఫలజ్ తవ్వినవాళ్లకు ఎలక్ట్రాన్ తెలుసునని ఎవరూ అనబోరు, పోలిక అక్కడితో ఆగుతుంది. పుంజాన్ని కుదించే క్వాడ్రుపోల్ అయస్కాంతం తన అక్షం మీద వెంట్రుకవాసి దొర్లి ఉన్నా, ఆరు ధ్రువాల సెక్స్‌టుపోల్ అయస్కాంతంలోంచి పుంజం కాస్త ఎత్తుగా లేదా పల్లంగా పోయినా, అడ్డం ఊపు నిలువుతో ముడిపడుతుంది. మీటరు వెడల్పున్న అయస్కాంతం ఒక అంచు మిల్లీమీటరులో పదో వంతు లేస్తే చాలు, లెక్కల్లోకి వస్తుంది. దీనికి విరుగుడు కూడా అయస్కాంతమే. క్వాడ్రుపోల్‌ను 45 డిగ్రీలు తిప్పి పెడితే స్క్యూ క్వాడ్రుపోల్ అవుతుంది. చాలా రింగుల్లో దాన్ని విడిగా పెట్టరు, సెక్స్‌టుపోల్ మీదే అదనంగా తీగ చుట్టి ఆ పని చేయిస్తారు. కారినదాన్ని తిరిగి తోడే పని దానిది.

ఈ ఊపులను గురించిన గణితం సింక్రోట్రాన్ కాంతి కంటికి కనిపించకముందే పుట్టింది. 1941లో ఇల్లినాయిలో కెర్స్ట్, సెర్బర్ ఊపుల లెక్క కట్టారు. 1958లో కూరంట్, స్నైడర్ దానికి నిలకడైన సిద్ధాంతం ఇచ్చారు. 1973లో ఎడ్వర్డ్స్, టెంగ్ రెండు దిక్కుల ఊపులు కలిసిపోయినప్పుడు వాటిని విడదీసి చూసే పద్ధతి రాశారు. 1970ల రెండో సగంలో సెర్న్‌లో గిల్బర్ట్ గిన్యార్ రెజొనెన్సుల లెక్కను విస్తరించాడు. అయితే లెక్క చేతికొచ్చినంత మాత్రాన కప్లింగ్‌ను తగ్గించాలన్న తపన పుట్టలేదు. దానికి కారణముంది. ఇటలీ నుంచి ఫ్రాన్సులోని ఓర్సేకు తరలించిన ఆడా అనే చిన్న రింగులో, 1963లో, ఎలక్ట్రాన్లను ఎక్కువ నింపినకొద్దీ పుంజం తొందరగా కరిగిపోవడం కనిపించింది. ఇరుకులో తిరిగే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొని దారి తప్పుతున్నాయని బ్రూనో టుషెక్ వివరించాడు. ఇక అప్పటి నుంచి ఆపరేటరుకు చిక్కు ఏర్పడింది. పుంజాన్ని సన్నగా చేస్తే అది తొందరగా చస్తుంది, లావుగా ఉంచితే ఎక్కువసేపు బతుకుతుంది. పూటకో రెండుసార్లు నింపే యంత్రంలో బతుకుకే విలువ ఎక్కువ. అందుచేత చాలాకాలం కప్లింగ్ ఓర్చుకోదగిన లోపంగా, ఒక్కోసారి అక్కరకొచ్చే లోపంగా కూడా ఉండిపోయింది. 2001 ప్రాంతంలో, పోయిన ఎలక్ట్రాన్లను నిమిషాల వ్యవధిలో మళ్లీ నింపే టాప్-అప్ పద్ధతి స్విట్జర్లాండులో, షికాగో దగ్గర వాడుకలోకి వచ్చాక ఆ బేరం మారిపోయింది.

ఇక మలుపు చూద్దాం. అయస్కాంతాల్లో ఏది దొర్లిందో కళ్లతో చూసి చెప్పలేం. భవనం కట్టేటప్పుడు సర్వేయర్లు ఎంత జాగ్రత్తగా అమర్చినా కొద్దో గొప్పో తేడా మిగులుతుంది, నేల కుంగుతుంది, ఎండకాలం వేరు చలికాలం వేరు. 1990లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జేమ్స్ సఫ్రానెక్ ఈ ప్రశ్నను తిరగేశాడు. అయస్కాంతాన్ని అడగకుండా పుంజాన్నే అడిగాడు. పుంజాన్ని కాస్త తోసే ఒక చిన్న కరెక్టర్ అయస్కాంతంలో విద్యుత్తును కొంచెం మార్చి, రింగు చుట్టూ పుంజం స్థానాన్ని చూపే మానిటర్లన్నిటిలో పుంజం ఎంత కదిలిందో రాసుకున్నాడు. తర్వాత ఇంకో కరెక్టర్, ఆ తర్వాత మరొకటి. అడ్డంగా తోస్తే నిలువునా ఎంత కదిలిందన్న అంకెలు కూడా ఆ పట్టికలో పడతాయి, కప్లింగ్ జాడ అక్కడే. అలా వేల అంకెలు పోగయ్యాక, ఏ అయస్కాంతం ఎంత తప్పి ఉంటే ఈ అంకెలు వస్తాయో కంప్యూటరు వెనక్కి లెక్కగట్టింది. 1997లో ఆయన ఈ పద్ధతిని అచ్చు వేశాడు. లోకో అన్న పొట్టి పేరుతో అది ప్రపంచమంతా పాకింది, ఇండస్-2 లోనూ వాడారు. కొత్త అయస్కాంతం ఒక్కటీ కొనక్కర్లేదు. ఉన్న పరికరాలతోనే యంత్రం తన లోపాలను తానే చెప్పేసింది. ఈ రంగంలో ఇంత చవకగా ఇంత మేలు చేసిన పని ఇంకొకటి కనిపించదు.

సరిదిద్దామని తెలియాలంటే మళ్లీ కొలవాలి, అదీ తేలిక కాదు. కొన్ని మైక్రోమీటర్ల ఎత్తున్న పుంజాన్ని మామూలు కెమెరా పట్టలేదు, కాంతి తరంగమే మసక పరుస్తుంది. జపాన్‌లోని కెఇకె ప్రయోగశాలలో తోషియుకి మిత్సుహాషి, నక్షత్రాల వెడల్పును కొలవడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన ఇంటర్‌ఫెరోమీటర్‌ను ఎలక్ట్రాన్ పుంజానికి తెచ్చాడు. రెండు చీలికల గుండా వచ్చే కాంతి చారలు ఎంత స్పష్టంగా ఉంటే పుంజం అంత సన్నగా ఉన్నట్టు. స్విస్ లైట్ సోర్స్ రింగులో ఓకే ఆండర్సన్ బృందం ఇంకో దారి తొక్కింది. పుంజపు నడిమట్టానికి సరిగ్గా చీకటిగా ఉండవలసిన ఒక ధ్రువణ కాంతిలో ఆ చీకటి ఎంత నిండిపోయిందో చూసి ఎత్తును లెక్కగట్టింది. కొలత మెరుగుపడిన తర్వాతే రికార్డులు పడటం మొదలైందన్నది గుర్తుపెట్టుకోవలసిన వరుస.

2008 నుంచి 2012 మధ్య ఆ రికార్డులు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. పుంజపు ఎత్తును, దాని విచ్చుకునే కోణాన్ని కలిపి చెప్పే కొలత ఎమిటెన్స్. ఇంగ్లండులోని డైమండ్ రింగులో నిలువు ఎమిటెన్స్ సుమారు 2 పికోమీటర్లకు దిగింది. 2011లో మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ 1.2 పికోమీటర్లు ప్రకటించింది. స్విస్ రింగు దాన్ని 0.9 దాకా లాక్కొచ్చింది. అక్కడ అడ్డం ఎమిటెన్స్ 5,500 పికోమీటర్లు, అంటే నిలువుది దానిలో ఆరు వేలో వంతు. పుంజం ఎత్తు 3.6 మైక్రోమీటర్లు. స్విస్‌వాళ్లు ఎలా చేశారన్నది ఇంకా ఆసక్తికరం. ముందు అయస్కాంతాలు కూర్చున్న దూలాలను, పుంజం తిరుగుతుండగానే, దూరం నుంచి మోటార్లతో సర్దారు. తర్వాత లోకో తరహా లెక్కతో స్క్యూ అయస్కాంతాలను సరిచేశారు. లెక్క ఇక దారి చూపలేనంత చిన్న తప్పులు మిగిలాక, కరెక్టర్లను గుడ్డిగా కొద్దికొద్దిగా మార్చుతూ, పుంజం సన్నబడితే ఆ మార్పు ఉంచి, లావెక్కితే వెనక్కి తీస్తూ గంటల తరబడి కంప్యూటర్ చేత నడిపించారు. ఇంత గొప్ప యంత్రం చివరి మెట్టు తడుముకుంటూ ఎక్కిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ అదే జరిగింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. దూలాలు మోటార్లతో కదిలేలా కట్టింది డబ్బే కదా, మంచి మానిటర్లు లేకపోతే లోకో ఏ అంకెలతో లెక్కగడుతుంది? నిజమే. చవకబారు యంత్రాన్ని పనితనం మాత్రమే గట్టెక్కించదు. కానీ గ్రెనోబుల్ ఉదాహరణ చూడండి. 1994లో తలుపులు తెరిచిన ఆ రింగు దశాబ్దంన్నర పాటు పదుల పికోమీటర్ల నిలువు ఎమిటెన్స్‌తో నడిచింది. 2010 ప్రాంతంలో ఆంద్రెయా ఫ్రాంకి, సహచరులు కప్లింగ్ సవరణ లెక్కను మార్చి రాశాక, కొన్ని కరెక్టర్లు అదనంగా చేర్చాక, 4 పికోమీటర్ల దగ్గరికి దిగింది. రింగు అదే, ప్రధాన అయస్కాంతాలు అవే. పదిరెట్ల మేలు ఇన్నేళ్లూ ఆ సొరంగంలోనే పడి ఉంది, తీసేవాళ్లు కావలసి వచ్చారు. పైగా ఇది ఒకసారి తీస్తే అయిపోయేది కాదు. పరిశోధకుడు తన అవసరానికి ఎక్స్-కిరణాలను పుట్టించే అండ్యులేటర్ అయస్కాంతాల దవడలను దగ్గరికి జరిపిన ప్రతిసారీ కప్లింగ్ కొంచెం మారుతుంది, దాన్ని వెంటపడి సరిచేస్తూనే ఉండాలి.

మరో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. 2016లో స్వీడన్‌లోని మాక్స్-4 మొదలుకొని వచ్చిన కొత్త రింగుల్లో అడ్డం ఎమిటెన్సే వందల పికోమీటర్లకు పడిపోయింది. గ్రెనోబుల్ కొత్త రింగులో 2020 నాటికి సుమారు 133, షికాగో దగ్గరి కొత్త రింగు రూపకల్పనలో 42. ఒక ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యమున్న ఎక్స్-కిరణానికి 8 పికోమీటర్ల కన్నా సన్నటి పుంజంతో పెద్దగా ఒరిగేది లేదు, కాంతి స్వభావమే అక్కడ హద్దు గీస్తుంది. పైగా మరీ సన్నబడితే టుషెక్ చెప్పిన ఢీకొట్లు పెరుగుతాయి. కనుక కొన్ని కొత్త యంత్రాలు కప్లింగ్‌ను కావాలని పెంచి పుంజాన్ని గుండ్రంగా నడుపుతున్నాయి. ఇంక ఒక పికోమీటరు కోసం పడ్డ పాట్లన్నీ చరిత్ర చెత్తబుట్టకేనా? రికార్డుల పందెం ఒక దశలో పందెం కోసమే సాగిందని ఒప్పుకోవాలి. కానీ పందెం పోయినా పని పోలేదు. కారిపోతున్నదాన్ని కారనివ్వడం వేరు, కావలసినంతే కారేలా పట్టి ఉంచడం వేరు. కప్లింగ్ వంద శాతం అనుకున్న రింగు ఇవాళ వంద, రేపు అరవై అయితే ఎక్స్-కిరణాలను తెచ్చే బీమ్‌లైన్ చివర కూర్చున్న శాస్త్రజ్ఞుడి చుక్క పూటకో రూపు తీసుకుంటుంది. గుండ్రటి పుంజానికీ ముందు ఆ వేల అంకెల పట్టికే కావాలి.

ఇప్పుడు ఒమన్. 1997లో బెర్లిన్‌లో మూతపడబోతున్న బెస్సీ-1 యంత్రాన్ని పశ్చిమాసియాకు ఇద్దామన్న ఆలోచన హెర్మన్ వినిక్, గుస్టాఫ్-అడాల్ఫ్ ఫోస్ ముందుపెట్టారు. ఆ ఆలోచనలోంచి సెసేమ్ అనే ఉమ్మడి సింక్రోట్రాన్ కేంద్రం పుట్టింది. దాని కోసం యునెస్కో నీడన 1999లో ఏర్పడిన తాత్కాలిక మండలిలో ఒమన్ కూడా కూర్చుంది. 2000లో జోర్డాన్ చోటుగా ఖాయమైంది. 2004లో సెసేమ్ శాశ్వత మండలి రూపు దిద్దుకునేనాటికి వ్యవస్థాపక సభ్యుల్లో ఒమన్ లేదు. 2017 మే 16న అమ్మాన్‌కు వాయవ్యంగా అల్లాన్‌లో 133 మీటర్ల రింగు లాంఛనంగా మొదలైంది. 2013 డిసెంబరు మంచు తుపానుకు పైకప్పు కూలినా, కరెంటు బిల్లు గొంతు పట్టినా అది నిలబడింది. 2019లో సొంత సౌర విద్యుత్తు కేంద్రం వచ్చింది. ఇరాన్, ఇజ్రాయెల్, పాకిస్తాన్, పాలస్తీనా ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం గురించి ఎంతో రాశారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది, ఈ ప్రాంతపు యువ ఇంజనీర్లు యూరప్ రింగుల్లో శిక్షణ పొంది వచ్చి పుంజాన్ని స్వయంగా నిలబెట్టడం. పుంజం నిలిపే విద్యను నౌకలో వేసి పంపలేరు.

ఒమన్‌కు దీని అవసరం ఏముంది, రాళ్లు వెళ్లాయి, వ్యాసాలు వచ్చాయి కదా అనే మాట వినిపించవచ్చు. అందులో సగం ఒప్పు. అరకోటికి అటూఇటూగా జనాభా ఉన్న దేశం సొంత రింగు కట్టాలనడం దుబారా. 1970 నాటికి దేశం మొత్తంలో మూడే ఆధునిక పాఠశాలలున్న చోట 1986 కల్లా సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. ఆ వేగం చిన్నది కాదు, దాన్ని ఇంకో భవనం మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. కానీ మిగతా సగం తప్పు. రింగును ఎరిగినవాడే తన రాయికి ఎంత చుక్క కావాలో, ఏ పూట పుంజం కుదురుగా ఉందో, కనిపించిన మసక రాయిదా యంత్రానిదా అని అడగగలడు. ఆ ప్రశ్నలు అడగడం కంట్రోల్ రూములో కూర్చుంటేనే వస్తుంది. ఖర్చంటారా, సభ్యత్వ రుసుము, కొద్దిమంది భౌతికశాస్త్ర పట్టభద్రుల జీతాలు. చమురు ఎగుమతి చేసే దేశానికి అది లెక్కలోకి రాదు.

సమాయిల్ రాయి మీద వచ్చే పదేళ్లలో పని పెరుగుతుందే తప్ప తగ్గదు. కార్బన్‌ను రాతిలో బంధించే ప్రయత్నాలు అక్కడ ఇప్పటికే సాగుతున్నాయి, సహజ హైడ్రోజన్ కోసం చూపూ అటే ఉంది. కనుక ఒమన్ ప్రభుత్వం సెసేమ్ సభ్యత్వాన్ని మళ్లీ పరిశీలించాలి. సభ్యత్వం కుదిరేలోపు కూడా మస్కట్ నుంచి ఏటా నలుగురైదుగురిని అల్లాన్ కంట్రోల్ రూముకు శిక్షణకు పంపాలి, బీమ్‌లైన్‌కే పరిమితం చేయకుండా యంత్రం నడిపే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.